ఆయ్ అనకూడని గది

రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ల్యాబ్ అటెండరుగా పనిచేసి మొన్న వేసవిలో రిటైరయ్యాను. నా స్థానంలోకి ఒక కుర్ర అమ్మాయి వచ్చింది. డిగ్రీ చదివింది. "ఈ ఉద్యోగంలో ఏం పని ఉంటుందండీ మామ్మగారూ?" అని అడిగింది. "బీకర్లు కడగడం ఉంటుంది" అన్నాను. పాపం, మొహం చిన్నబుచ్చుకుంది.

బీకర్లు కడగాలన్న మాట నిజమే. దాని గురించి రాయడానికేముంది? సబ్బు పెట్టి తోమాలి, బోర్లించాలి. ఆ అమ్మాయి కోసం, అలాంటి వాళ్ల కోసం మిగతాది రాస్తున్నాను. నా రాత గుండ్రంగా ఉండదు. చదువుకున్న ఇల్లు కాదు మాది.

ఉప్పు సీసా

ఈ బళ్లోకి నేను మొదట ఊడ్చే మనిషిగా వచ్చాను. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లిని. వేలిముద్ర వేసి జీతం తీసుకునేదాన్ని. కొన్నాళ్లకు ల్యాబ్‌లో సీసాలు సర్దే పని కూడా నా మీద పడింది. ఏ సీసా ఏ అరలో పెట్టాలో రంగు చూసి, మూత చూసి గుర్తుపెట్టుకునేదాన్ని. పదో తరగతి ఆడపిల్లలిద్దరు మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కడే కూర్చుని కబుర్లాడుకునేవారు. ఒకరోజు అందులో ఒకత్తి నా చేతిలో సీసా లాక్కుంది.

"ఇదేంటి పిన్నీ?"

"ఉప్పు."

"ఎలా తెలిసింది?"

"తెల్లగా ఉంది కదే."

"సోడా కూడా తెల్లగానే ఉంటుంది. చీటీ చూసి చెప్పు."

అలా మొదలైంది నా చదువు. నేను చదివిన మొదటి మాట 'ఉప్పు'. ఆ తరువాత 'సున్నం', 'గంధకం', 'పటిక'. అక్షరాభ్యాసంలో బియ్యంలో అక్షరాలు దిద్దినవాళ్లు ఉంటారు. నేను సీసాల మీద దిద్దాను.

మా మేష్టార్లలో చదువు చెబుతామన్న వాళ్లు లేకపోలేదు. వాళ్ల ముందు కూర్చోవాలంటే నాకు సిగ్గు. ఆ ఆడపిల్లల దగ్గర సిగ్గుండేది కాదు. వాళ్లు కూడా ఈమధ్యే నేర్చుకున్నవాళ్లు కనుక ఎక్కడ తడబడతానో ముందే తెలిసేది. ఇంకొకటి కూడా చెప్పాలి. వాళ్లు ఏనాడూ "అర్థమైందా పిన్నీ" అని అడగలేదు. సీసా వెనక్కి తిప్పేసి, "ఏదీ, ఇప్పుడు నువ్వు రాయి" అనేవారు. ఆ రెండో మాట విలువ నాకు చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

బీరువాలో మైక్రోస్కోపు

నేను చూసిన హెడ్మాస్టర్లలో ఒకాయన మహా పొదుపరి. ఆయన హయాంలో మైక్రోస్కోపు బీరువాలో ఉండేది. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. తనిఖీకి ఎవరైనా వస్తే నేను తీసి, తుడిచి, బల్ల మీద పెట్టేదాన్ని. వాళ్లు వెళ్లగానే మళ్లీ లోపలికి. మనిషి మంచివాడే, పేద పిల్లలకు సొంత డబ్బుతో పలకలు కొనిచ్చాడు. సామాను విషయంలో మాత్రం ఆయన చేసింది తప్పు. ఆయన వెళ్లేటప్పటికి ఆ మైక్రోస్కోపు కొత్త పెళ్లికూతుర్లా ఉంది. అందులోంచి చూసిన పిల్ల ఒక్కతీ లేదు.

తరువాత వచ్చిన సైన్సు మాస్టారు దీనికి పూర్తిగా వ్యతిరేకం. వచ్చిన నెలలోనే పిల్లలు అద్దం ఒకటి పగలగొట్టారు. నేను భయపడుతూ చెబితే, "పగిలిందంటే వాడేరన్న మాట. మంచిదే కదండీ" అన్నాడు. ఆయన వచ్చాక బడికి పెట్టెలు వచ్చాయి. బుల్లి మోటార్లు, లైట్లు, మోగే బజర్లు, తీగలు, టంకం పెట్టే కరెంటు కడ్డీలు. మాస్టారు పెట్టె విప్పి, అన్నీ తిరగేసి, పెద్దపిల్లల్ని పిలిచాడు.

"ఇందులో సగం నాకూ తెలీదర్రా. కలిసి నేర్చుకుందాం. మీరు నేర్చుకున్నది శనివారం మధ్యాహ్నం ఆరు, ఏడు తరగతుల వాళ్లకు మీరే చెప్పాలి. నేను వెనకాల కూర్చుంటాను."

తనకు తెలియదని పిల్లల ముందు అన్న మాస్టారిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం.

చేతులు వెనక్కి

చెప్పడం అందరికీ చేతకాదు. క్లాసులో ఫస్టు వచ్చే కుర్రాడు ఒకడు ఉండేవాడు. వాడి జట్టులో లైటు ప్రతి శనివారం చక్కగా వెలిగేది. అందరూ మెచ్చుకునేవారు. నేను గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని చూస్తుంటే సంగతి తెలిసింది. చిన్నపిల్ల ఒక తీగ తప్పు పెట్టగానే వాడు "ఇలా కాదు, ఇటివ్వు" అని లాక్కుని తానే పెట్టేసేవాడు. పిల్లలు చుట్టూ చేరి తమాషా చూసేవారు.

మాస్టారు వాణ్ని తిట్టలేదు. "ఒరేయ్, చేతులు వెనక్కి కట్టుకుని చెప్పు" అన్నాడు.

ఆ శనివారం వాడు పడ్డ యాతన చూడాలి. చేతులు వెనక్కి కట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. "ఆ ఎర్ర తీగ... కాదు... దాని పక్కది... అబ్బా!" లైటు వెలగలేదు. మరుసటి వారమూ వెలగలేదు. ఆ తరువాత వెలిగింది. ఈసారి వెలిగించింది ఆరో తరగతి వాళ్లు. వాడు వాళ్లకంటే ఎక్కువ గంతులేశాడు. అప్పటి నుంచి ఆ గదిలో పెద్దపిల్లలందరికీ అదే పద్ధతి. చెప్పేవాళ్ల చేతులు వెనక్కి, నేర్చుకునేవాళ్ల చేతులు ముందుకి.

ఈ పద్ధతిలో అందరికంటే రాణించింది దుర్గ. తొమ్మిదో తరగతి. గోదారి మధ్యనున్న లంక నుంచి పడవలో వచ్చేది. వాళ్ల నాన్న ఆ రేవులో పడవ నడుపుతాడు. దుర్గ జట్టులో లిఖిత అని ఆరో తరగతి పిల్ల ఉండేది. నెమ్మదస్తురాలు. అదొకరోజు ఒక మాట అడిగింది.

కరెంటు అంటే పొలంలో బోదెలో నీళ్లలా పారుతుందని దుర్గ చెబుతోంది. లిఖిత మెల్లగా, "బోదెలో నీళ్లు పొలంలోకి పోతాయి కదండీ అక్కా, తిరిగి రావు. మరి దీనికి రెండు తీగలెందుకండీ?" అంది.

దుర్గ, "నాకు తెలీదే. వచ్చే శనివారం చెబుతాను" అంది. వారం పొడుగునా మాస్టారి వెంట పడింది, ఫోన్లో వీడియోలు చూసింది. శనివారం పాత సైకిలు చైను ఒకటి పట్టుకొచ్చింది. "నా పోలిక తప్పే లిఖితా. బోదె వద్దు. ఈ చైను చూడు. చుట్టూ తిరిగి వస్తేనే చక్రం కదులుతుంది. ఒక్కచోట తెగిందా, మొత్తం ఆగిపోతుంది" అంది. తొమ్మిదో తరగతి పిల్ల, తన కంటే చిన్నదాని ముందు "నా పోలిక తప్పే" అంది! నేను పనిచేసిన ఇన్నేళ్లలో పెద్దవాళ్లలో ఆ మాట అన్నవాళ్లను తలుచుకుంటే సైన్సు మాస్టారు ఒక్కడే గుర్తొస్తాడు.

చివర

ఆ ఏడు దుర్గ తలపెట్టింది పెద్ద పనే. వరదల్లో గోదారి నీళ్లు లంకలోకి ఎప్పుడు ఎక్కేదీ ఎవరికీ తెలియక, గట్టు దిగువ కట్టిన పశువులు ఏటా అవస్థ పడుతున్నాయి. వెదురు గడకు రెండు తీగలు బిగిస్తారు. నీళ్లు ఎక్కి ఆ రెండిటినీ తాకగానే పైనున్న బజరు మోగుతుంది. వరద రాకముందే అలాంటివి తయారు చేసి లంక రేవులో పాతాలని దాని పట్టుదల. దుర్గ చెబుతుంది, చిన్నపిల్లలు చేస్తారు. బజరుకు తీగలు అతకాలంటే టంకం పెట్టాలి. టంకానికి కడ్డీ కావాలి.

దుర్గ కడ్డీ చూపించి, చేతులు వెనక్కి కట్టుకుని మరీ చెప్పింది. "స్విచ్చి తీసేసినా కూడా చివర పట్టుకోకూడదు. అర్థమైందా?"

"ఆయ్" అన్నారందరూ.

పని అయిపోయాక లిఖిత స్విచ్చి తీసేసి, కడ్డీని సర్దబోయి ఇనప వైపు గుప్పిటతో పట్టుకుంది.

నేను కుండలో నీళ్లలో దాని చెయ్యి ముంచాను, మాస్టారు బండి మీద ఆస్పత్రికి తీసుకెళ్లాడు. బొబ్బలెక్కాయి, ప్రమాదమేమీ లేదన్నారు. కానీ కుడి చెయ్యి. అన్నం కలుపుకోలేదు, పెన్ను పట్టుకోలేదు.

సోమవారం పొద్దున్నే వాళ్ల నాయనమ్మ బడికొచ్చింది. కొబ్బరితోటల ఆసామి ఇల్లు వాళ్లది. ఆవిడ గొంతు కాలవ అవతలికి వినిపిస్తుంది.

"చదువు చెప్పమని పంపితే చేతులు కాల్చి పంపుతారాండీ? చెప్పింది మాస్టారు కూడా కాదంట, ఇంకో పిల్లంట! ఆ పిల్లకేం తెలుసని అప్పజెప్పేరండీ?"

"ఆయ్, తప్పేనండి" అన్నారు హెడ్మాస్టరు గారు. అప్పటికి కొత్తగా వచ్చారాయన. చెడ్డవారు కాదు, భయస్తులు. వరండాలో దుర్గ నిలబడి ఇదంతా వింటూనే ఉంది.

ఆవిడ వెళ్లాక ఆయన నన్ను పిలిచారు. "నాగమణి గారూ, ఆ గది తాళంచెవి నా బల్ల మీద పెట్టండి."

"ఎన్నాళ్లండి?"

"చూద్దాం."

చూద్దాం అంటే ఆఫీసుల్లో ఇక లేదని అర్థం. మైక్రోస్కోపు బీరువా నా కళ్ల ముందు కదిలింది. దుర్గ వెదురు గడలు నా స్టోర్ రూములో మూలన పెట్టేసింది. "నేనిక ఎవరికీ చెప్పనండి మామ్మగారూ. మాస్టారే చెప్పుకుంటారు" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

నాయనమ్మగారి అరుగు మీద

రెండు రోజులాగి, "లిఖితను చూసొస్తాను, మీరు తోడొస్తారాండీ?" అని దుర్గే అడిగింది. బడి వదిలాక కాలవ గట్టున నడిచి వెళ్లాం.

నాయనమ్మ అరుగు మీదే ఉంది. "వచ్చేవా? రెండో చెయ్యి కూడా కాలుద్దామనా?" అంది.

దుర్గ తల వంచుకుని, లిఖిత పక్కన కూర్చుంది. "నిన్ను తిట్టడానికి రాలేదే. ఆ రోజు నేనేం చెప్పేనో నువ్వు ఒక్కసారి చెప్పు."

"చివర పట్టుకోవద్దన్నారండి."

"మరెందుకు పట్టుకున్నావు?"

"నేను చివర పట్టుకోలేదండి అక్కా. చివర వదిలేసి ఇవతల పక్క పట్టుకున్నాను."

దుర్గకు అర్థం కాలేదు. నాకూ కాలేదు. లిఖిత ఎడం చేత్తో పక్కనున్న టేబుల్ ఫ్యాను వైరు ఎత్తి ప్లగ్గు చూపించింది. "చివర అంటే ఇదే కదండీ? కరెంటు వచ్చేది ఇక్కడే కదండీ? షాకు కొడుతుందని మా నాయనమ్మ రోజూ చెబుతుంది."

"చెప్పేను. తప్పా?" అంది నాయనమ్మ.

కడ్డీకి రెండు చివరలు ఉన్నాయి. వేడెక్కేది ఒకటి, ప్లగ్గు ఉండేది ఒకటి. దుర్గ మనసులో ఒక చివర, లిఖిత మనసులో ఇంకో చివర. ఆ పిల్ల చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించే చెయ్యి కాల్చుకుంది.

"మరి అర్థమైందా అంటే ఆయ్ అన్నావు కదే!"

"మీరు అడిగితే ఆయ్ అనకుండా ఎలా ఉంటానండి అక్కా? బాగోదు కదండీ."

నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "మేమే నేర్పేం. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆయ్ అనాలని మేమే నేర్పేం" అంది.

మా ప్రాంతం కాని వాళ్లకు ఈ మాట సంగతి చెప్పాలి. మా వైపు ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో ఆయ్ అంటాం. వింటున్నామని, మీరంటే గౌరవమని. మా ఆయన బతికున్నన్నాళ్లూ నేనేం చెప్పినా ఆయ్ అనేవాడు, చేసేది తనకు తోచిందే. ఎంతో అందమైన మాట. అందులో గౌరవం ఉంది, ప్రేమ ఉంది. అర్థమైందని మాత్రం ఎక్కడా లేదు. కొత్త మేష్టార్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. క్లాసంతా ఆయ్ అంటే పాఠం అయిపోయిందనుకుని పేజీ తిప్పేస్తారు.

తిరిగొచ్చేటప్పుడు దుర్గ ఒక్క మాటే అంది. "చిన్నపిల్లలది తప్పు కాదండి. నేను అడిగిన ప్రశ్నే తప్పండి."

మర్నాడు తానే హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్లింది. నన్నూ మాస్టారినీ రావద్దంది. ఏం చెప్పిందో గాని, బయటికొచ్చి, "ఒక్క శనివారం ఇచ్చేరండి. ఆయన కూడా కూర్చుంటారంట. ఏ తేడా కనిపించినా ఇక గది తియ్యరంట" అంది.

ఆ శనివారం

గదిలో ఒక పక్క హెడ్మాస్టరు గారు, మాస్టారు. గుమ్మంలో నా స్టూలు మీద లిఖిత నాయనమ్మ. "నా మనవరాలు వస్తే నేనూ వస్తాను" అని పట్టుబట్టింది. నేను నిలబడ్డాను.

దుర్గ చేతులు వెనక్కి కట్టుకుంది. "ఈ రోజు నుంచి ఈ గదిలో ఎవరూ ఆయ్ అనకూడదు. సరేనా?"

"ఆయ్!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

మాస్టారు తల పక్కకి తిప్పుకున్నాడు. నాయనమ్మ పకపకా నవ్వింది. దుర్గకు కూడా నవ్వొచ్చింది, బిగబట్టుకుంది. "అదే వద్దన్నాను! నేను చెప్పింది మళ్లీ మీరు చెప్పాలి. వస్తువు పట్టుకుని చూపించాలి. అంతే."

కడ్డీకి చివరలన్న మాటే తీసేసింది. వేడెక్కేది మూతి. పట్టుకునేది పిడి. వైరు తోక. ప్లగ్గు తీసేసిన చల్లటి కడ్డీ చేతులు మారింది. ఒక్కొక్కరూ లేచి మూతి, పిడి, తోక చూపించి చెప్పారు. లిఖిత కట్టు కట్టిన చేత్తోనే చూపించింది. ఆ తరువాతే దుర్గ ప్లగ్గు పెట్టనిచ్చింది. పని సాగింది.

చివరికి హెడ్మాస్టరు గారు లేచారు. "బాబూ, అందరూ తగు జాగ్రత్తలు తీసుకుంటూ, ప్రమాదాలకు తావివ్వకుండా మెలగాలి. అర్థమైందా?"

ఒక్కరూ పలకలేదు.

"ఏమర్రా, మాట్లాడరేం?"

గుమ్మంలోంచి నాయనమ్మ, "చెప్పండర్రా, సారుగారు అడుగుతున్నారు కదా!" అంది.

లిఖిత లేచి నిలబడింది. "నాకు అర్థం కాలేదండి. తగు జాగ్రత్తలంటే మూతి సంగతాండి, తోక సంగతాండి?"

అయిపోయింది అనుకున్నాను. హెడ్మాస్టరు గారు ఆ పిల్లనీ దాని చేతి కట్టునీ చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నడిచి వచ్చి బల్ల ముందు, పిల్లల పీట మీద కూర్చున్నారు. "ఏదమ్మా దుర్గా, నాకూ చెప్పు" అన్నారు.

దుర్గ చెప్పింది. చెప్పి ఆగింది. ఇంకా ఏదో అనాలి, అనలేకపోతోంది. లిఖితే అనేసింది. "ఇప్పుడు మీరు చెప్పాలండి సార్."

ఆయన కడ్డీ అందుకున్నారు. "ఇది పిడి, ఇక్కడ పట్టుకోవాలి. ఇది తోక, తడిచేత్తో ముట్టుకోకూడదు. ఇది మూతి. స్విచ్చి తీసినా చాలాసేపు ముట్టుకోకూడదు."

"చాలాసేపంటే ఎంతసేపండి?" అన్నారెవరో వెనక నుంచి.

ఆయన దుర్గ వైపు చూశారు. "తడి స్పాంజికి ఆనిస్తే చుయ్యిమని చప్పుడు రాకూడదు సార్. అప్పటికి కూడా స్టాండులో పెట్టి వదిలెయ్యాలి, ముట్టుకోవద్దు" అంది. ఆయన ఆనించారు. చుయ్యిమంది. పిల్లలతో పాటు ఆయనా ఉలిక్కిపడి నవ్వారు.

నేను ఇక ఆగలేకపోయాను. "మరి వచ్చే శనివారం గది తియ్యమంటారాండీ?"

"ఆయ్" అన్నారు హెడ్మాస్టరు గారు.

"సార్! ఆయ్ అనకూడదండీ!" గదంతా ఒక్కసారి గొల్లుమంది. నాయనమ్మ గొంతే అందరికంటే పైన వినిపించింది.

ఆయన చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పే కుర్రాడిలా నిలబడ్డారు. "ప్రతి శనివారం మధ్యాహ్నం గది తియ్యాలి. నాగమణి గారు గుమ్మం దగ్గర ఉండాలి, మాస్టారు లోపల ఉండాలి. దుర్గ చెబుతుంది. చిన్నపిల్లలు మళ్లీ చెబుతారు. చాలా అండీ?"

చాలన్నాను. తాళంచెవి జేబులోంచి తీసి నా చేతిలో పెట్టారు.

తాళంచెవి

ఆ వానాకాలం రేవులో రెండు వెదురు గడలు పాతారు. వరదొచ్చినప్పుడు ఒకటి మోగింది, ఒకటి మోగలేదు. మోగనిదాన్ని లిఖిత జట్టు విప్పి చూసి, తీగ ఎక్కడ తెగిందో తామే కనుక్కున్నారు. దుర్గ చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నిలబడింది. ఇప్పుడు ఆ గదిలో చెప్పేది లిఖిత.

అమ్మాయీ, మొన్న ఆ తాళంచెవి నీ చేతిలో పెట్టి ఈ శనివారాల సంగతంతా నీకు నోటితోనే చెప్పాను. అంతా విని నువ్వు ఎంతో మర్యాదగా ఆయ్ అన్నావు. అందుకే ఇదంతా రాయవలసి వచ్చింది.